పన్నెండేళ్లు దాటిన కారు, రెండు పేజీల ఎస్టిమేట్: నా అనుభవం

నా కారుకి పన్నెండేళ్లు దాటాయి. పెట్రోలు ఇంజిన్, మాన్యువల్ గేర్లు, మీటరు మీద లక్షా ముప్ఫై వేల చిల్లర కిలోమీటర్లు. పోయినేడాది మామూలు సర్వీసింగ్‌కి ఇస్తే వర్క్‌షాపు వాళ్లు చేతిలో పెట్టిన ఎస్టిమేట్ చూసి గుండె ఝల్లుమంది. ఇంజిన్ ఆయిల్‌తో మొదలై రెండో పేజీ చివరిదాకా సాగింది. అంతా కూడితే, కారు అమ్మితే వచ్చే డబ్బులో దాదాపు సగం. "ఇంత పెట్టే బదులు ఇచ్చేసి కొత్తది తీసుకోండి సార్" అని కౌంటర్ దగ్గరున్న అబ్బాయి సలహా కూడా ఇచ్చాడు.

ఆ కాగితం మీదున్న పనుల్లో ఒకటి రెండు వెంటనే చేయించాల్సినవి. కొన్ని అవసరమే గానీ కొన్నాళ్లు ఆగినా ఫర్వాలేదు. మరికొన్ని అసలు అక్కర్లేదు. ఏది ఏ కోవలోకి వస్తుందో తేల్చుకోవడానికి నాకు కొన్ని నెలలు పట్టింది. చాలా పనులు చేయించాను, కారు నా దగ్గరే ఉంది. పాత కారు విషయంలో పార్టు ధర ఒక్కటే చూస్తే లెక్క తేలదు. ఆ పార్టు దాకా చేరడానికి ఏమేం విప్పాలి, ఏ పని ముందు, ఏ పని తర్వాత అన్నదాన్ని బట్టే బిల్లు పెరగడమైనా తగ్గడమైనా. నాకు ఇదెలా తెలిసొచ్చిందో వివరంగా రాస్తున్నాను. ఇలాంటి ఎస్టిమేట్ చేతిలో పెట్టుకుని టెన్షన్ పడుతున్నవాళ్లకు పనికొస్తుందని నా నమ్మకం.

ముందుగా ఎస్టిమేట్‌ను పని పనికీ విడగొట్టి ఇమ్మని అడిగాను. పార్టు ఏ కంపెనీది, దాని నంబరు, దాని ధర, లేబర్, అన్నీ వేరువేరుగా. "ఫ్రంట్ సస్పెన్షన్ వర్క్" అని ఒక్క లైను రాసి ఎదురుగా పెద్ద అంకె వేస్తే మనకు తెలిసేది ఏమీ ఉండదు. విడగొట్టాక చూస్తే, స్పార్క్ ప్లగ్గుల్లాంటి వాటికి పార్టు ధరే ఎక్కువ, లేబర్ నామమాత్రం. ఆయిల్ సీళ్ల దగ్గరికొచ్చేసరికి లెక్క తలకిందులైంది. సీలంటే చిన్న రబ్బరు రింగు. అక్కడిదాకా విప్పడానికే పూట పడుతుంది, కాబట్టి లేబర్ పార్టు ధరకు ఎన్నో రెట్లు.

ఇక్కడ ఒక సంగతి తెలిసుండాలి. పెద్ద వర్క్‌షాపుల్లో లేబర్‌ను మనిషి పనిచేసిన సమయం చూసి కట్టరు. ఫలానా పనికి ఇన్ని గంటలని ముందే నిర్ణయించి పెట్టుకున్న లెక్క ఉంటుంది, దాన్ని గంట రేటుతో గుణిస్తారు. రెండు పనులకు విప్పాల్సింది ఒకే చోటైనా, వాటిని విడివిడిగా రాస్తే రెండుసార్లు విప్పినట్టే బిల్లు పడుతుంది. నా ఎస్టిమేట్‌లో టైమింగ్ బెల్టు, వాటర్ పంపు అలాగే వేరువేరు లైన్లలో, ఎవరి లేబర్ వాళ్లదన్నట్టు ఉన్నాయి. నా కారులో వాటర్ పంపును తిప్పేది ఆ బెల్టే. బెల్టు తీస్తే పంపు ఎదురుగా కనిపిస్తుంది. ఈ మాట అడిగితే, మారు మాట్లాడకుండా ఒక లేబర్ కొట్టేశారు. అడగకపోతే అలాగే ఉండేది.

తర్వాత ఆ కాగితం పట్టుకుని, చిన్న షెడ్డు నడుపుకునే ఒక మెకానిక్ దగ్గరికి వెళ్లాను. కాగితం వైపు చూడకుండా ముందు కారును లిఫ్ట్ ఎక్కించడం ఆయనలో నాకు నచ్చిన మొదటి విషయం. పైకి లేపాక "రండి సార్, మీరే చూడండి" అని నన్ను కారు కిందికి పిలిచి చేతిలో టార్చ్ పెట్టాడు.

కుడివైపు ముందు చక్రం వెనకాల, ఇంజిన్ బలాన్ని చక్రానికి అందించే డ్రైవ్ షాఫ్ట్ చివర మడతలు మడతలుగా ఒక రబ్బరు బూటు ఉంటుంది. దాని లోపల జాయింటు, జాయింటు నిండా గ్రీజు. ఆ బూటు ఒక మడత వెంబడి చీలిపోయింది. చక్రం తిరిగినప్పుడల్లా చిమ్మిన గ్రీజు రిమ్ము లోపలి అంచు మీద, షాక్ అబ్సార్బర్ అడుగున నల్లగా అంటుకుని ఉంది. ఆయన చీలిక లోపలి నుంచి కాస్త గ్రీజు తీసి బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య రుద్ది నాకూ చూపించాడు. మెత్తగా ఉంది, ఇసుక గరగర లేదు. "మట్టి ఇంకా లోపలికి పోలేదు సార్. ఇప్పుడు బూటు మారిస్తే జాయింటు బతుకుతుంది" అన్నాడు. ఎస్టిమేట్‌లో దీనికి డ్రైవ్ షాఫ్ట్ మొత్తం మార్చాలని రాసి ఉంది. అవసరమైందల్లా ఒక బూటు, గ్రీజు ప్యాకెట్టు, రెండు క్లాంపులు. అలాగని ఆ పని వాయిదా వేసుకునేది కాదు. గ్రీజు కారిపోయి మట్టి చేరితే జాయింటు అరుగుతుంది. స్టీరింగ్ పూర్తిగా తిప్పి మలుపు తీసుకున్నప్పుడు టకటక శబ్దం మొదలవుతుంది. అప్పుడిక బూటు వేసినా లాభం లేదు. గోటితో పోయేది గొడ్డలి దాకా వచ్చిందనడానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ కార్లలో నాకు కనబడలేదు. సర్వీసింగ్‌కి ఇచ్చినప్పుడల్లా ఈ బూట్లు చూపించమని అడగడం అప్పట్నుంచి నాకు అలవాటైంది.

ముందు చక్రాలను కింది వైపు నుంచి పట్టి ఉంచే లోయర్ ఆర్ముల విషయంలో మాత్రం వర్క్‌షాపు వాళ్లు చెప్పింది నిజమే. మెకానిక్ పొడుగాటి ఇనప కడ్డీతో ఆర్మును ఒక పక్కకి వత్తి పట్టుకుంటే, ఆర్ము కీలు దగ్గరుండే బుష్షు మధ్యలో రబ్బరు విడిపోయి సందు స్పష్టంగా కనిపించింది. బ్రేకు వేసినప్పుడు ముందు నుంచి వచ్చే ఠక్ శబ్దం ఇక్కడిదే. బుష్షులు మాత్రమే మారిస్తే చవక కదా అన్నాను. బుష్షు ఒక్కదానికే డబ్బు తక్కువ గానీ, పాతది ప్రెస్సులో పెట్టి నొక్కి తీయాలి, కొత్తది అలాగే ఎక్కించాలి. పైగా ఆర్ము చివర బాల్ జాయింటు కూడా పన్నెండేళ్లదే, అది రేపోమాపో పోతే ఆర్ము మళ్లీ విప్పాలి. బుష్షులు, బాల్ జాయింటు బిగించే వచ్చే కొత్త ఆర్ము ధరను, బుష్షులు ప్లస్ ప్రెస్సు కూలితో పోల్చి చూస్తే తేడా అంత లేదు. రెండు వైపులా ఆర్ములే వేయించాను.

ఈ పనిలో ఒక చిన్న విషయం గమనించాను. ఆర్ము బోల్టులన్నీ కారు గాల్లో ఉండగా వేళ్లతో వదులుగానే పెట్టి, కారును కిందికి దించి, బరువంతా చక్రాల మీద పడ్డాక అప్పుడు బిగించాడు. ఈ రకం బుష్షుల్లో రబ్బరు లోపలి గొట్టానికీ బయటి గొట్టానికీ అతుక్కుని ఉంటుంది. చక్రం వేలాడుతున్నప్పుడు బిగిస్తే, కారు దించగానే రబ్బరు మెలి తిరుగుతుంది, ఎప్పటికీ ఆ మెలికలోనే పనిచేస్తుంది, తొందరగా చిరుగుతుంది. బుష్షులు ఏడాది తిరక్కుండానే పోయాయని, పార్టు నాసిరకమని చాలామంది అనుకుంటారు. కొన్నిసార్లు తప్పు పార్టుది కాదు, బిగించిన తీరుది. మంచి మెకానిక్కును గుర్తుపట్టడానికి నాకు ఇదొక కొలమానమైంది.

ఎస్టిమేట్‌లో ముందు టైర్లు రెండూ మార్చాలని కూడా ఉంది. అది కూడా నిజమే, లోపలి అంచులు నున్నగా అయిపోయాయి. కానీ అవి అలా అరగడానికి కారణం బుష్షులు పోయి చక్రాల వాలు తప్పడమే. ముందు టైర్లు వేయించి ఉంటే కొత్తవీ అదే పక్క అరిగేవి. అందుకే ముందు ఆర్ములు, తర్వాత వీల్ అలైన్‌మెంట్, ఆ తర్వాతే టైర్లు అని క్రమం పెట్టుకున్నాం. ఆర్ము విప్పి బిగించాక అలైన్‌మెంట్ ఎలాగూ చేయించాల్సిందే. టైర్లు ముందు కొనుంటే అలైన్‌మెంట్ డబ్బు రెండుసార్లు కట్టాల్సి వచ్చేది. టైర్లు కొనేటప్పుడు పక్కన అచ్చు వేసిన నాలుగంకెల సంఖ్య చూసుకోవాలి. మొదటి రెండూ తయారైన వారం, చివరి రెండూ సంవత్సరం. 2319 అని ఉంటే 2019లో 23వ వారంలో తయారైందని. నా కారు స్టెప్నీ మీద ఆ నంబరు చూస్తే అది కారుతో పాటే వచ్చింది. గీతలు కొత్తగానే ఉన్నాయి, రబ్బరు మాత్రం పగుళ్లిచ్చింది. దాన్ని కూడా తీయించేశాను.

ఇక టైమింగ్ బెల్టు. అన్నిటికన్నా నన్ను ఎక్కువ ఆలోచింపజేసింది ఇదే, ఎందుకంటే కారు ఏ ఇబ్బందీ పెట్టడం లేదు. బెల్టు తెగే ముందు చాలాసార్లు ఏ సూచనా ఇవ్వదు. నేను కారును సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను, బెల్టు మార్చినట్టు పాత కాగితాల్లో ఎక్కడా లేదు. నా ఇంజిన్‌లో వాల్వులు, పిస్టన్లు ఒకే జాగాలోకి వేరువేరు సమయాల్లో వచ్చిపోతుంటాయి. అవి ఢీకొనకుండా చూసేది ఆ బెల్టే. క్రాంక్ షాఫ్ట్ రెండు చుట్లు తిరిగితే క్యామ్ షాఫ్ట్ ఒక చుట్టు, ఆ లెక్క తప్పకూడదు. నడుస్తుండగా బెల్టు తెగితే తెరుచుకుని ఉన్న వాల్వుల మీదికి పిస్టన్లు వచ్చి గుద్దుకుంటాయి. వాల్వులు వంగుతాయి, హెడ్డు దించాలి, ఒక్కోసారి పిస్టన్లూ పాడవుతాయి. ఆ ఖర్చుకి పాత కారును వదిలేయడమే నయమవుతుంది. బెల్టుకు బదులు చెయిన్ ఉన్న ఇంజిన్లకూ, తెగినా వాల్వులు తగలని ఇంజిన్లకూ ఈ భయం ఈ స్థాయిలో ఉండదు. మీ కారు ఏ రకమో మాన్యువల్ చూసి తెలుసుకోండి. మాన్యువల్‌లో ఇన్ని కిలోమీటర్లు లేదా ఇన్నేళ్లు, ఏది ముందైతే అది అని ఉంటుంది. పాత కారు తక్కువ తిరిగిందని సంబరపడి రెండో మాట మర్చిపోకూడదు, రబ్బరు నిలబెట్టినా పాతబడుతుంది.

అందుకని బెల్టు పని వెంటనే పెట్టుకున్నాం. దాంతోపాటు బెల్టును బిగువుగా, దారిలో ఉంచే టెన్షనర్, ఐడ్లర్ బేరింగ్, వాటర్ పంపు, క్రాంక్ ముందరి సీలు, క్యామ్ సీలు. ఇవన్నీ పార్టులుగా చూస్తే పెద్ద ఖరీదైనవి కావు, ఒక్కో దానికి విడిగా వెళ్తే మాత్రం ప్రతిసారీ అదే విప్పడం, అదే బిగించడం. సీళ్లు వదిలేస్తే ఇంకో ప్రమాదం ఉంది, ఆయిల్ కారి కొత్త బెల్టు మీద పడితే అది నానిపోతుంది. వాటర్ పంపు తీయాలంటే కూలెంట్ ఎలాగూ దించాలి కాబట్టి థర్మోస్టాట్, ఉబ్బి మెత్తబడ్డ పై హోస్ పైపు కూడా అప్పుడే మార్పించాను. దించిన కూలెంట్ ఇటుక రంగులో ఉంది. ఎవరో ఎప్పుడో మామూలు నీళ్లు పోసి నడిపిన కారు అని అప్పుడు తెలిసింది. కూలెంట్ పని చల్లబరచడం ఒక్కటే కాదు. అందులో తుప్పు పట్టకుండా ఆపే రసాయనాలుంటాయి, అవి కాలం గడిచేకొద్దీ తరిగిపోతాయి. సగం కూలెంట్, సగం డిస్టిల్డ్ వాటర్ కలిపితే గడ్డకట్టే ఉష్ణోగ్రత సుమారు మైనస్ 37 డిగ్రీల సెల్సియస్‌కి దిగుతుంది, మరిగే ఉష్ణోగ్రత నీళ్ల కన్నా పైకి పోతుంది. రేడియేటర్ మూత లోపల ఒత్తిడిని నిలబెట్టి దాన్ని ఇంకా పెంచుతుంది. ఆ మూత రబ్బరు కూడా చీకిపోయి ఉంది. బిల్లు మొత్తంలో అన్నిటికన్నా చవకైన లైను ఆ మూతే.

పాత పార్టులన్నీ నాకు ఇవ్వమని ముందే చెప్పాను. బెల్టును వెనక్కి మడిచి చూస్తే పళ్ల మొదట్లో సన్నటి పగుళ్లు. పంపు ఇరుసును చేత్తో తిప్పితే గరగరమంది. అప్పుడు నాకు నిద్ర పట్టే ధైర్యం వచ్చింది, డబ్బు అయిందన్న బాధ కూడా పోయింది.

ఇంజిన్ లైటు సంగతి వేరే. అది వెలగడం మొదలై అప్పటికే కొంతకాలమైంది. వర్క్‌షాపులో కోడ్ చదివి P0171 వచ్చిందని, పొగలో ఆక్సిజన్ ఎంతుందో చూసే ఆక్సిజన్ సెన్సర్ మార్చాలని రాశారు. నిజానికి ఆ కోడ్ చెప్పేది ఇంజిన్‌లోకి పెట్రోలుతో పోలిస్తే గాలి ఎక్కువ వెళ్తోందని మాత్రమే. ఏ పార్టు పోయిందో ఆ కోడ్ చెప్పదు. గాలి ఎక్కువుందని సెన్సర్ కనిపెట్టి చెబుతోందంటే చాలా సందర్భాల్లో సెన్సర్ బాగానే ఉన్నట్టు. ఈ కోడ్లు చదివే సాకెట్టు అమెరికాలో అమ్మే కార్లకు 1996 నుంచి, యూరప్‌లో పెట్రోలు కార్లకు 2001 నుంచి తప్పనిసరి చేశారు, తర్వాత మిగతా చోట్లకూ వచ్చింది. చిన్న బ్లూటూత్ స్కానర్ కొనుక్కుంటే ఫోన్లోనే చూసుకోవచ్చు. నేను కొన్నాను. అందులో ఫ్యూయల్ ట్రిమ్ అని ఒక అంకె కనిపిస్తుంది, ఇంజిన్ కంప్యూటర్ పెట్రోలును ఎంత శాతం పెంచి, తగ్గించి సరిచేసుకుంటోందో అది చూపిస్తుంది. కారు నిలబెట్టి ఐడ్లింగ్‌లో ఉంచితే ఇరవై శాతం పైన ఉంది, యాక్సిలరేటర్ తొక్కి 2500 ఆర్‌పీఎం దగ్గర పట్టుకుంటే మామూలు స్థితికి వస్తోంది. ఎక్కడో గొట్టం చిల్లి పడి గాలి లాగుతోందనడానికి ఇది ప్రధానమైన గుర్తు. ఐడ్లింగ్‌లో లోపలికి పోయే గాలే తక్కువ, అందులో చిల్లి నుంచి వచ్చేది పెద్ద వాటా అవుతుంది. యాక్సిలరేటర్ తొక్కితే గాలి చాలా పెరుగుతుంది, ఆ చిల్లి లెక్కలోకి రాదు.

మెకానిక్‌కి ఈ అంకెలు చూపిస్తే బోనెట్ ఎత్తి ఇంజిన్ దగ్గర చెవి పెట్టి విన్నాడు. ఇంజిన్‌లోకి గాలి పంచే ఇన్‌టేక్ మానిఫోల్డ్ వెనకాల సన్నగా బుస్సుమనే శబ్దం. అక్కడున్న వేలెడు పొడుగు రబ్బరు గొట్టం మలుపు దగ్గర పగిలింది. ఆ గొట్టం మార్చి కోడ్ చెరిపేస్తే లైటు మళ్లీ వెలగలేదు, ఐడ్లింగ్ వణుకు కూడా పోయింది. సెన్సర్ ధరలో ఆ గొట్టం ధర ఏ మూలకీ రాదు. సెన్సర్ మార్చి ఉంటే డబ్బూ పోయేది, లైటూ వెలుగుతూనే ఉండేది, అప్పుడు ఇంకో సెన్సర్ అనేవారు. పాత కార్ల మీద డబ్బు ఎక్కువగా వృథా అయ్యేది ఇక్కడే అని నా అభిప్రాయం. జబ్బు తేల్చకుండా ఒకదాని తర్వాత ఒకటి పార్టులు మార్చుకుంటూ పోతారు. జబ్బు కనిపెట్టినందుకు మెకానిక్ గంట కూలి అడిగితే సంతోషంగా ఇవ్వండి. ఆ కూలి ఇవ్వడానికి వెనకాడి, అవసరం లేని పార్టులకు ధారాళంగా ఖర్చుపెట్టేవాళ్లను చూస్తుంటే నాకు బాధేస్తుంది.

బ్రేకుల దగ్గర బేరం పెట్టలేదు. ప్యాడ్లు కొత్తగా ఉన్నప్పుడు మందం సుమారు పది, పన్నెండు మిల్లీమీటర్లుంటుంది, మూడుకు వస్తే మార్చాలి. నా కారు ఎడమ చక్రంలో బయటి ప్యాడ్ బాగానే ఉంది, లోపలిది దాదాపు ఇనుము దాకా వచ్చింది. ఇలా ఒకటే అరిగిందంటే ప్యాడ్లను డిస్కుకు నొక్కే కాలిపర్ జరిగే పిన్నులు ఎండిపోయి బిగుసుకున్నాయని అర్థం. ప్యాడ్లు మాత్రం మార్చి పంపిస్తే కొత్తవీ అలాగే అరుగుతాయి. పిన్నులు తీసి, తుడిచి, దానికి సరిపడే గ్రీజు పెట్టి, రబ్బర్లు మార్చి బిగించారు. డిస్కులు కూడా మార్చాలని ఎస్టిమేట్‌లో ఉంది. డిస్కు మీద కనీస మందం ఎంతుండాలో అచ్చు వేసి ఉంటుంది. తుప్పు గీకి చదివి, కొలిచి చూస్తే ఇంకా మిగిలుంది, బ్రేకు వేస్తే వణుకూ లేదు. కాబట్టి డిస్కులు ఉంచాం. బ్రేక్ ఫ్లూయిడ్ మాత్రం మొత్తం మార్పించాను. అది గాలిలోని తేమను పీల్చుకుంటుంది. డాట్ 4 రకం కొత్తదైతే 230 డిగ్రీల దాకా మరగదు. తేమ పట్టాక ఆ హద్దు 155కి పడిపోవచ్చు. పొడుగాటి ఘాట్ రోడ్డు దిగుతూ పదేపదే బ్రేకు తొక్కినప్పుడు ఆ తేడా ఎంత ప్రమాదమో ఆలోచించండి. రెండేళ్లకోసారి మార్చడం మంచిది. అయ్యే ఖర్చు కూడా చాలా తక్కువ.

పార్టుల రకాల గురించి కూడా చెప్పాలి. కార్ల కంపెనీలు బేరింగులు, స్పార్క్ ప్లగ్గులు, సెన్సర్ల లాంటివాటిని చాలావరకు సొంతంగా తయారుచేసుకోవు. బాష్, డెన్సో, ఎన్‌జీకే, ఎస్‌కేఎఫ్ లాంటి సంస్థలు చేసి ఇస్తాయి. కారు కంపెనీ డబ్బాలో వచ్చేది, అసలు తయారీదారు సొంత డబ్బాలో వచ్చేది చాలాసార్లు ఒకే స్థాయి సరుకు, ధర మాత్రం రెండోది తక్కువ. నేను ఎక్కువగా ఈ రెండో రకమే తీసుకున్నాను, నమ్మకమైన చోట, బిల్లుతో. ఊరూపేరూ లేని చవక రకం వైపర్ రబ్బర్లకో, డోర్ హ్యాండిల్‌కో సరే. బ్రేకులు, స్టీరింగ్, టైమింగ్ బెల్టు విషయంలో ఆ జోలికి వెళ్లలేదు. ఎక్కువ లేబర్ పట్టే చోట చవక పార్టు వేయించడం కూడా నష్టమే, అది పోతే లేబర్ మళ్లీ మొదటినుంచి కట్టాలి. అద్దాలు, స్విచ్చులు, లోపలి ప్లాస్టిక్ ముక్కల్లాంటివి స్క్రాప్‌లో దొరికినా నిశ్చింతగా వాడుకోవచ్చు. ఎడమ వైపు అద్దం నేను అలాగే సంపాదించాను.

వద్దన్నవి కొన్ని ఉన్నాయి. ఇంజిన్ ఫ్లష్, ఇంజెక్టర్ క్లీనింగ్, ఇంజిన్ కోటింగ్ లాంటివి. వీటిలో ఏదీ నా కారు మాన్యువల్‌లో లేదు, కారులో వాటికి తగ్గ లక్షణాలూ లేవు. వాటి బదులు ఆయిల్‌ను మాన్యువల్ చెప్పిన గడువు కన్నా ముందే మారుస్తున్నాను, ఫిల్టరుతో సహా. ఆయిల్ లెవెల్ నేనే చూసుకుంటాను. పాత ఇంజిన్లు కాస్తో కూస్తో ఆయిల్ తాగుతాయి, లెవెల్ చూడకుండా నడిపితే అది నిజంగా ఇంజిన్ ప్రాణం మీదికి వస్తుంది. వెనక షాక్ అబ్సార్బర్లు కొద్దిగా చెమర్చాయని ఎస్టిమేట్‌లో ఉంది. చెమర్చడం వేరు, కారడం వేరు. కారు ఎగరడం లేదు, టైర్ల మీద ఎగుడుదిగుడు అరుగుదల లేదు, కాబట్టి వాటిని కనిపెట్టి చూస్తున్నాం. మారిస్తే రెండూ కలిపే మార్చాలి, ఒకటి కొత్తదీ ఒకటి పాతదీ పనికిరాదు. ఇంజిన్ మౌంటు ఒకటి కాస్త కుంగింది, అదీ ఆగుతుంది.

మొత్తం మీద నేను ఖర్చు పెట్టింది మొదటి ఎస్టిమేట్‌లో సగానికి కాస్త పైన. అందులో ఎస్టిమేట్‌లో లేని పనులు కూడా ఉన్నాయి. ఇంట్లో వాళ్లు "అమ్మితే వచ్చేదే అంత లేదు, దాని మీద ఇంత పెట్టడమేంటి" అన్నారు. కొత్త కారు కొంటే మొదటి ఏడాదే దాని విలువలో పెద్ద ముక్క కరిగిపోతుంది. ఇన్సూరెన్స్ పెరుగుతుంది, లోను తీసుకుంటే వడ్డీ. ఇంకో సెకండ్ హ్యాండ్ కారు కొంటే, దాని బెల్టు ఎప్పుడు మార్చారో, దాని కూలెంట్ ఏ రంగులో ఉందో నాకు తెలియదు. ఈ పనులన్నీ దానికీ చేయించాల్సి రావచ్చు. కాబట్టి రిపేరు ఖర్చును కారు అమ్మకం ధరతో పోల్చడం నాకు సబబు అనిపించదు. దాని బదులు ఇంకో కారు తెచ్చుకుంటే ఏడాదికి ఎంతవుతుందో, దానితో పోల్చాలి. ఆ లెక్కలో నా కారు తేలిగ్గా గెలిచింది. బాడీ కింది భాగంలో, సస్పెన్షన్ బిగించే చోట తుప్పు తినేస్తేనో, ఎయిర్ బ్యాగుల లాంటి భద్రతా పార్టులు దొరకడం మానేస్తేనో వదిలేస్తాను. అప్పుడు ఒక్క రోజు కూడా ఆలోచించను.

ఇప్పుడు క్లచ్ వంతు వస్తోంది. ఎత్తు ఎక్కేటప్పుడు పై గేరులో యాక్సిలరేటర్ తొక్కితే ఇంజిన్ శబ్దం పెరుగుతోంది గానీ కారు అంతగా అందుకోవడం లేదు. గేర్‌బాక్స్ దించాలి, పెద్ద పనే. ఇంజిన్‌కీ గేర్‌బాక్స్‌కీ మధ్యనుంచి చాలా రోజులుగా ఆయిల్ చెమ్మ కనిపిస్తోంది, అది క్రాంక్ వెనక సీలుది. ఆ ఒక్క సీలు కోసం గేర్‌బాక్స్ దించడం దండగని, చుక్కలు పడనంత వరకు ఆగుదామని మెకానిక్కే అన్నాడు. ఇప్పుడు క్లచ్ ప్లేటు, ప్రెషర్ ప్లేటు, రిలీజ్ బేరింగ్‌తో పాటు ఆ సీలు, కుంగిన మౌంటు, గేర్ ఆయిల్ కూడా ఒకే జాబితాలో రాసి ఇచ్చాను. క్లచ్ ప్లేటు ఆనుకునే ఫ్లైవీల్ ముఖం చూశాకే దాన్ని లేత్ మీద పట్టించాలా వద్దా అన్నది తేలుతుంది, కాబట్టి అది ఎస్టిమేట్‌లో పెట్టవద్దని, విప్పాక నాకు ఫోన్ చేయమని చెప్పాను. పార్టులు వచ్చాయి, వచ్చే వారం కారు ఇస్తున్నాను.